మొక్కు తప్పినందుకు కాదు

ఏమయ్యా,

గండి ఆంజనేయస్వామికి మొక్కిన తలనీలాలు ఇవ్వనందుకే మన రెండో బిడ్డ పోయిందని కడదాకా అన్నావు. తప్పు. నీ నాలుగు వెంట్రుకల కోసం స్వామి పసిబిడ్డను తీసుకుపోడు.

నాది నెగటివ్ రక్తం, నీది పాజిటివ్. తొలి కాన్పులో, నీలాగే పాజిటివ్ అయిన బిడ్డ రక్తం కొంచెం నాలో కలిసింది. నా ఒళ్ళు దాన్ని పరాయిదనుకొని యాంటీబాడీలు తయారుచేసి పెట్టుకుంది. రెండోసారి అవి కడుపులోని బిడ్డ రక్తకణాలకు అంటుకున్నాయి. అవి చంపవు, గుర్తు పెడతాయంతే. ఆ గుర్తు చూసి బిడ్డ సొంత కాపలా కణాలే ఆ రక్తకణాలను మింగేశాయి. పుట్టిన రోజే పసుపుపచ్చగా మారిన పిల్లను చూసి "లచ్చిమి వచ్చిందే మనింటికి" అని మురిసిపోయావు. అవి కామెర్లు.

సైన్సు టీచరునై ఇదంతా ఎన్నిసార్లు చెప్పినా తలూపేవాడివి. శనివారం రాగానే మళ్ళీ గండికే పోయేవాడివి.

మొన్న ప్రొద్దుటూరులో మన మనవరాలికి రెండో కాన్పయింది. దానిదీ నాలాగే నెగటివ్ రక్తం. తొలి కాన్పప్పుడే సూది వేశారు. తల్లిలో కలిసిన బిడ్డ కణాలను, ఒళ్ళు పసిగట్టేలోపే ఆ మందు తుడిచేస్తుంది. ఈసారీ వేశారా అని అడుగుతూనే ఉన్నాను.

"యేసినార్లే అవ్వా! నిన్ను చూస్తే డాక్టరమ్మ దాక్కుంటాంది."

ఆడపిల్ల. కిటికీ దగ్గర వెలుతురులో తిప్పి తిప్పి చూశాను. ఎర్రగా ఉంది.

రేపు నీ తద్దినం. ఆకులో వడ పెట్టగానే వచ్చి తినిపో, నిరుడు మాదిరి గోడమీద కూర్చొని బెట్టు చేయకు. మధ్యాహ్నం బస్సుకు పోయి బిడ్డకు నీళ్ళు పోయాలి.