పేపరు చదువు

చిట్టితల్లికి,

అమ్మ దీవెనలు. ఇక్కడ నేనూ నాన్నా కులాసా. అక్కడ నువ్వు వేళకి తింటున్నావని నమ్ముతున్నాను. నాన్న టీవీ ముందు కూర్చుని ప్రపంచ దేశాలన్నింటికీ సలహాలు ఇస్తున్నారు. మన వంటింటి కుళాయి మాత్రం ఇంకా కారుతూనే ఉంది.

"ఇన్ని దేశాల సంగతులు నీకెలా అర్థమవుతాయమ్మా?" అని అడిగావు. పోయిన వారమైతే గొప్పగా జవాబు రాసేదాన్ని. ఇప్పుడు ధైర్యం చాలడం లేదు.

మా బడి నుంచి వర్తమాన విషయాల పోటీకి ముగ్గురిని పంపాలి. శుక్రవారం ప్రశ్నలు తయారుచేసి, సోమవారం పరీక్ష పెట్టాను. ఒక చిన్న దేశం పేరిచ్చి, అధ్యక్షుడెవరని అడిగాను. తొమ్మిదో తరగతి పిల్ల ఒకతె, "నిన్నటి నుంచి ఎవరూ లేరు" అని రాసింది. ఎగతాళి అనుకుని ఎర్ర సిరాతో కొట్టేసి, పక్కన "పేపరు చదువు" అని రాశాను. ఆ ఒక్క మార్కుతో నాలుగో స్థానంలోకి జారిపోయింది.

ఆ సాయంత్రం వార్తల్లో విన్నాను. అధ్యక్షుడు ఆదివారమే పారిపోయాడట.

నిన్న ఆ పిల్ల బడి కుళాయి దగ్గర కనిపిస్తే, నీకెలా తెలిసిందని అడిగాను.

"మా నాన్న అక్కడే లారీ నడుపుతారు టీచర్. అధ్యక్షుడు పారిపోయాడని, రోడ్లు మూసేశారని ఆదివారం ఫోన్ చేశారు. తర్వాత మళ్లీ లైను కలవలేదు."

"మరి నాకు చెప్పలేదేమే?"

"మీరు పేపరు చదవమని రాశారుగా. మా ఇంటికి పేపరు రాదు టీచర్. తప్పు నాదేనేమో అనుకున్నా."

ఆ దేశం రాజధాని, నాణెం, జెండా రంగులు ఇరవై ఏళ్లుగా పాఠం చెబుతున్నాను చిట్టీ. అక్కడ ఒకరి నాన్న లారీ ఆపుకుని కూర్చుని ఉంటాడని ఎప్పుడూ తోచలేదు.

అసలు సంగతి ఇంకా చెప్పలేదు. నిజం సోమవారమే తెలిసినా, మంగళవారం పాత జాబితానే గోడకు అంటించాను. మూడో స్థానం పిల్లాడి ముఖం చూడలేననుకున్నాను. కాదు, ఆ ముగ్గురూ నా క్లాసు వాళ్లేనని మురిసిపోయిన హెడ్‌మిస్ట్రెస్ ముందు చులకనవుతానని భయం. అమ్మాయితో మాట్లాడాక కూడా నోరు విప్పలేదు. రేపు పదింటికి పేర్లు వెళ్లిపోతాయి.

అందుకే ముందు ఈ ఉత్తరం పోస్టు డబ్బాలో వేసి, ఆ తర్వాత ఆవిడ గది తలుపు తడతాను. నీకు రాసేశాక ఇంక వెనక్కి రాలేను కదా.

ఆ నాన్న ఫోన్ కలవాలని నువ్వూ కోరుకో.

ఇట్లు,
చిన్నప్పటి నుంచీ నిన్ను పేపరు చదవమని సతాయించిన
అమ్మ