బీడ్ అనే మాట, అమ్మ పూసలు

బెడ్‌ఫర్డ్‌షైరులో, ఊజ్ నది ఒడ్డున ఉన్న ఎల్డ్‌స్టో గ్రామంలో, బీడ్‌హౌస్ అని పిలిచే వృద్ధుల ధర్మసత్రంలో నివసిస్తూ, లేసు అల్లకం వృత్తిగా బతికిన అవివాహితనైన థర్జా ఓడెల్ అనే నేను, ఎవరి బలవంతమూ లేకుండా, తెలివి తిన్నగా ఉండగా చేస్తున్న ఏర్పాటు ఇది. కళ్లు మందగించాయి గానీ నోరు మందగించలేదు. సత్రంలో ఎవరినడిగినా ఆ మాట చెబుతారు. ఇంతకు ముందు రాసిన వీలునామాను ఇందుమూలంగా రద్దు చేస్తున్నాను. దానిలో నా చెల్లెలు కెజియా పేరు ఎక్కడా లేదు. దీనిలో ఉంది.

1. ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత మా సత్రం పాదరీ ఆంబ్రోస్ ఫెన్సమ్ గారికి అప్పగిస్తున్నాను. ఆయన శ్రమకు ప్రతిఫలంగా నా టీ పాత్ర, దాని ఉన్ని తొడుగుతో సహా ఆయనకే చెందాలి. మాటల్లో పడి టీ చల్లార్చుకునే మనిషికి తొడుగే ముఖ్యం.

2. పక్క గదిలోని డోర్కస్ ఇన్‌స్కిప్‌కు నా చలికాలపు కోటు, అలమరలోని రేగు జామ్ సీసాలన్నీ. ఆమె గురకను మా మధ్య గోడ ఎలా తట్టుకుందో నాకు తెలియదు. అయితే నాకు జ్వరం వచ్చినప్పుడు బార్లీ జావ కాచి తాగించింది ఆమే.

3. మా అమ్మ లేసు కడ్డీల గురించి. దారం చుట్టి లేసు అల్లడానికి ఎముకతో చేసిన సన్నని కడ్డీలవి. ఒక్కొక్క కడ్డీ చివర ఇత్తడి తీగకు గాజు పూసలు గుచ్చి ఉంటాయి. ఆ బరువు లేకపోతే కడ్డీ లేసు అల్లే దిండు మీద దొర్లుతుంది, దారం వదులైపోతుంది. మా ఇళ్లలో ఆ పూసలను అంగట్లో కొనరు, మనుషుల నుంచి తీసుకుంటారు. నీలం పూస పెళ్లికి ముందు నాన్న ఇచ్చింది. యుద్ధానికి వెళ్లి తిరిగిరాని రూబెన్ మామయ్య కోటు గుండీ ఒకటి. పేరు పెట్టిన రోజే పోయిన తమ్ముడు సైలస్ కోసం తెల్లది. అల్లుతూ ఏ కడ్డీ చేతిలోకి వస్తే ఆ మనిషి పేరు అమ్మ పెదవుల మధ్య పలికేది. కుట్లు లెక్కపెట్టుకుంటోందని చిన్నప్పుడు మేము అనుకునేవాళ్లం.

అమ్మ పోయాక కడ్డీలను చెరిసగం పంచుకున్నాం. ఒక చలికాలం కెజియా తన వాటా పూసలన్నీ కత్తిరించేసింది. నేను ఆ సంగతి ఊరంతా చాటాను. అప్పటినుంచి ఒకే చాపెల్‌లో చెరో చివర కూర్చుంటూ ముసలివాళ్లమయ్యాం.

4. మా సత్రాన్ని కట్టించిన ఉన్ని వర్తకుడి శాసనాన్ని ప్రతి శరదృతువులో చదువుతారు. తన ఆత్మ కోసం రోజూ ఉదయం మేము ‘బీడ్లు పలకాలి’ అని అందులో ఉంది. బీడ్ అంటే పూస కదా, కనుక ఆయన పూసల వ్యాపారం కూడా చేశాడని నేను నమ్ముతూ వచ్చాను. పోయిన శరత్తులో డోర్కస్ లేచి, పూసలను పలకడమేమిటని పాదరీ గారిని నిలదీసింది.

దానికి ఆయన చెప్పింది ఇది. మొదట బీడ్ అంటే ప్రార్థనట. ప్రార్థనలను చిన్న గుండ్ల మాల మీద లెక్కపెడుతూ, జనం ఆ గుండ్లనే బీడ్లు అనసాగారట. పేరు నోటి నుంచి వేళ్ల మీదికి జారింది. తరువాత ఒక రాజు ఆ జపమాలలను నిషేధించాడు. ప్రార్థన వెళ్లిపోయింది, పేరు గుండుకు మిగిలిపోయింది. ఇప్పుడు గాజు పూసా బీడే, గడ్డి మీద మంచుబొట్టూ బీడే, నుదుటి మీద చెమటా బీడే. నేనుంటున్న బీడ్‌హౌస్ ప్రార్థనల ఇల్లు.

అమ్మకు చదువు రాదు. జపమాల పేరెత్తితే అది కాథలిక్కుల పద్ధతని మా చాపెల్ పెద్దలు మండిపడేవారు. ఆమెకు ఈ సంగతి చెప్పినవారెవరూ లేరు. అయినా ఆమె వేలు పూస మీద ఉండేది, పేరు పెదవి మీద ఉండేది. దేశమంతా మరిచిపోయిన అర్థం మా కిటికీ కింద కూర్చుని రోజూ లేసు అల్లింది. ఆ రాత్రి నాకు భయమేసింది. దేవుడి ఎదుట నిలబడితే వేసే భయం అది.

5. కెజియా ఆ పూసలను కత్తిరించింది కూతురు రూత్ కోసం. పిల్లకు గొంతువాపు జబ్బు చేసి, అమ్మమ్మ పూసలు కావాలని అడిగింది. పిల్ల పోతే వాటిని దండగా గుచ్చి మెడలో వేసి పూడ్చారు. ఇది నాకు అప్పుడే తెలుసు. సంతలో వేరే పూసలు దొరకవా అని కోపం. ఆ కోపం తప్పని ఇప్పుడూ అనను. వాటా ఆమెదైనా అవి మా ఇద్దరి అమ్మ పూసలు. కానీ పిల్ల మెడలో ఉన్నవి నిజానికి ఏమిటో అప్పట్లో నాకు తెలియదు. అమ్మ జీవితమంతా చేసిన ప్రార్థనల్లో సగం ఆ పిల్లకు తోడు వెళ్లాయి. ఆ తరువాత రూత్ పేరు మా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

6. అందుచేత నా వాటా కడ్డీలను పూసలతో సహా కెజియాకు రాసి ఇస్తున్నాను. షరతు ఒకటే: పెట్టెలో దాచకూడదు. రోజూ ఒక్కొక్కటి చేతిలోకి తీసుకుని దాని పేరు పలకాలి. కొత్తగా నేను గుచ్చిన పసుపు పూస రూత్‌ది.

చచ్చినవాళ్లు షరతులు నెత్తిన పడేయడం మర్యాద కాదు కనుక, సంతకానికి ముందే ఆమెను పిలిపించి ఇంతవరకు రాసింది చదివి వినిపించాను. టోపీ కూడా తీయకుండా కూర్చుంది. ఏది ఇచ్చినా ఏదో ఒక మెలిక పెట్టడం నాకు అలవాటేనని సణిగింది. తరువాత పసుపు పూస ఏదని అడిగింది. చేతిలో పెట్టాను. దాన్ని వెలుగుకు పట్టి చూసింది.

“రూత్,” అంది చివరికి. కడ్డీలన్నీ ఒళ్లోకి తీసుకుని, “పలుకుతాలే అక్కా. నువ్వు మాత్రం తొందరపడి పోకు. మిగతావాటిలో ఏ పూస ఎవరి పేరో నాకింకా తెలియదు,” అంది.

ఆస్తి పుచ్చుకునే మనిషి సాక్షి సంతకాలప్పుడు గదిలో ఉండకపోవడమే మంచిదని పాదరీ గారు ఆమెను వసారాలో కూర్చోబెట్టారు. కడ్డీలు ఆమె ఒళ్లోనే ఉన్నాయి. నేను సంతకం చేయబోతుండగా ఆమె పేర్లు వల్లె వేయడం తలుపు అవతల నుంచి వినిపిస్తోంది. సైలస్ దగ్గర తడబడుతోంది. ఇది ముగించి వెళ్లి ఆ పేరు అందిస్తాను.

1931 ఫిబ్రవరి 9, ఎల్డ్‌స్టో

(సంతకం) థర్జా ఓడెల్

మా ఇద్దరి ఎదుట ఆమె తన చేత్తో సంతకం చేసింది:
జేబెజ్ షార్మన్, సత్రం తోటమాలి
లెటీషియా గల్, నర్సు