చప్పుడు చాటున చదువు

జూలై 5, శుక్రవారం

స్కూల్లో పేరెంట్స్ మీటింగ్. కళ్లద్దాల షాపులో గంట పర్మిషన్ అడిగి వెళ్లాను. క్లాస్ టీచర్ మా గువ్వ నోట్సు చూపించింది. చేతిరాత ముచ్చటగా ఉందంది. తరవాత పుస్తకం మూసి, మీ అమ్మాయి గొంతు ఎలా ఉంటుందో నాకు ఇంతవరకూ తెలీదండీ అంది. హాజరు పిలిస్తే చెయ్యెత్తుతుందట, నోరు మాత్రం తెరవదట. నాలుగో క్లాసు కాబట్టి ఇక ప్రతి శుక్రవారం రీడింగ్ పీరియడ్. ఒక్కొక్కరూ లేచి ఒక పేజీ పైకి చదవాలి. టర్మ్ అయ్యేలోగా గువ్వ చదవకపోతే వెనకబడ్డ పిల్లలుండే సెక్షన్‌కి మార్చక తప్పదట. మీరేమైనా చెప్తారా అని అడిగింది. తల ఊపి వచ్చేశాను.

ఇంట్లో చెప్తే మా ఆయన నవ్వాడు. పోలికలు ఎక్కడికి పోతాయే, పెళ్లయిన ఆర్నెల్లకి కదా నువ్వు నాతో ఒక పూర్తి వాక్యం మాట్లాడింది అన్నాడు.

నాకు నవ్వు రాలేదు.

జూలై 6

ఎందుకమ్మా చదవవు అని అడిగాను. గోడని అడిగినట్టే అయింది.

జూలై 8, సోమవారం

పొద్దున జడ వేస్తుంటే తనే చెప్పింది. నా వైపు తిరక్కుండా, లోగొంతుకతో. అందరూ వింటారు కదమ్మా అంది. అంతే.

జూలై 13, మధ్యాహ్నం 2 గంటలు

షాపులో బేరాల్లేవు. ఇందాక ఒక పెద్దాయన వచ్చాడు. అక్షరాల బోర్డు చదవమంటే చివరి వరస దాకా గొంతెత్తి చదివాడు. షాపంతా దద్దరిల్లింది. చదివేసి, ఎలా ఉంది అన్నట్టు నా వైపు చూశాడు.

నాన్న ప్రెస్సు గుర్తొచ్చింది. నాన్న ప్రూఫులు దిద్దేవాడు. సెలవుల్లో అసలు కాగితం నేను పట్టుకుని పైకి చదివేదాన్ని. అచ్చయిన కాగితంలో తప్పులు ఆయన పట్టుకునేవాడు. సబ్బుల కంపెనీ కరపత్రాలు, లెక్కల పుస్తకాలు, నివాళులు, ఏది వస్తే అది. కామాలూ ఫుల్‌స్టాపులూ కూడా నోటితో చెప్పాలి. వదిలేస్తే, మళ్లీ కామా మింగేశావు, ఆకలేస్తే చెప్పు, బన్ను తెప్పిస్తా అనేవాడు. పక్కన మెషీన్లు ధడధడలాడేవి. అరిస్తే తప్ప నాన్నకి వినపడేది కాదు, ఎంత అరిచినా ఇంకెవరికీ వినపడేది కాదు. బయట ఎవరేం అడిగినా పెదవి విప్పని దాన్ని, అక్కడ మాత్రం గొంతు చించుకుని చదివేదాన్ని. ఆ సిరా వాసన, చెక్క స్టూలు, నాన్న చెవి వెనక ఎర్ర పెన్సిల్.

ఇన్నేళ్లూ నాకు ఈ ముక్క తట్టనే లేదు. నాకు ధైర్యం ఇచ్చింది ఆ చప్పుడు.

జూలై 14, ఆదివారం

మా ఇంట్లో ఉన్న మెషీన్ ఒక్కటే. వెనక చిన్నగదిలో వాషింగ్ మెషీన్. పాతది, తిరుగుతుంటే గదంతా వణుకుతుంది. స్విచ్ వేసి, గువ్వ చేతికి తెలుగు వాచకం ఇచ్చి, తలుపు దగ్గరగా వేశాను. నాకు కూడా వినపడదు అన్నాను. పెదాలు కదులుతున్నాయో లేదో తలుపు సందులోంచి చూశాను. కదిలాయి.

జూలై 23

మా ఆయన లిఫ్టుల మెకానిక్కు. ఉన్నవి రెండు యూనిఫాంలు. తీగ మీద ఎప్పుడు చూసినా రెండూ తడిగానే ఉంటున్నాయి, నేనేం కట్టుకుని వెళ్లాలే, దుప్పటీనా అని కేకలేశాడు. గువ్వ చదువు కోసం రోజూ మెషీన్ తిప్పుతున్నానని చెప్పాను. తను వేసుకున్న చొక్కా విప్పి బుట్టలో పడేశాడు.

జూలై 28, ఆదివారం

మీ నాన్నకి నువ్వెలా చదివేదానివి అని గువ్వ అడిగింది. చదివి చూపించాను. పడీపడీ నవ్వింది. ఇప్పుడు తను కూడా అలాగే చదువుతోందని అనుమానం. మెషీన్ ఆగే ముందు నెమ్మదిస్తుంది కదా, అప్పుడు "ఫుల్‌స్టాప్" అని వినపడింది.

ఆగస్టు 2

నీలం తువ్వాలు తెల్లగా అయిపోయింది.

ఆగస్టు 11, ఉదయం 10.20

ఇప్పుడే జరిగింది.

కరెంటు పోయింది. మెషీన్ మధ్యలో ఆగిపోయింది. గువ్వ ఆగలేదు. సముద్రపు ఒడ్డున దీపం వెలిగించే ముసలావిడ పాఠం. గట్టిగా, ఊపిరి ఎక్కడ తీసుకోవాలో అక్కడ తీసుకుంటూ చదువుతోంది. వంటింట్లో గరిట పట్టుకుని అలాగే నిలబడ్డాను. మా ఆయన స్నానాల గదిలోంచి సబ్బు నురగతోనే తల బయటపెట్టి, ఎవరొచ్చారు అని సైగ చేశాడు. ఎవరూ రాలేదు, మన పిల్లే అని సైగ చేశాను.

పేజీ అయ్యాక గానీ మెషీన్ చప్పుడు లేదని గువ్వ గమనించుకోలేదు. బయటికొచ్చి, కరెంటు ఎప్పుడు పోయిందమ్మా అంది. ఇప్పుడే అన్నాను. అబద్ధమే. పోనీ.

ఆగస్టు 23, శుక్రవారం

ఇవాళ రీడింగ్ పీరియడ్‌లో గువ్వ తనంతట తనే లేచిందట. మొదటి వాక్యంలోనే అలవాటు కొద్దీ "కామా" అని పైకి అనేసిందట. క్లాసంతా గొల్లుమంది. కూర్చుండిపోయింది. ఇదంతా పక్క బెంచీ పిల్ల తల్లి ఫోన్ చేసి చెప్పింది.

ఆగస్టు 24

గువ్వ చిన్నగది వైపు వెళ్లలేదు. అన్నం కెలికి వదిలేసింది. తప్పు నాది. నా జ్ఞాపకాలు నా దగ్గర ఉంచుకోక, పిల్ల నోట్లో పెట్టాను.

ఆగస్టు 30, శుక్రవారం, సాయంత్రం 5

టీచర్ నుంచి షాపుకి ఫోన్. సెక్షన్ మార్చేస్తున్నారనుకున్నాను. కాదు.

ఇంటర్వెల్‌లో గువ్వ స్టాఫ్ రూముకి వెళ్లిందట. టేబుల్ పక్కన అయిదు నిమిషాలు నిలబడి, చివరికి, టీచర్, నేను మళ్లీ చదువుతాను, ఈసారి కామాలు లోపల అనుకుంటాను అందట. అసలు బయటికెందుకు అన్నావమ్మా అని అడిగితే, తాతయ్య ప్రెస్సు కథ మొదలుపెట్టిందట. తను పుట్టకముందే పోయిన తాతయ్య! ఎర్ర పెన్సిల్‌తో సహా చెప్పిందట. బెల్లు కొట్టినా ఆపలేదట.

తరవాత రీడింగ్ పీరియడ్‌లో టీచర్ ప్రెస్సు సంగతి అందరికీ చెప్పి, క్లాసు చేత అలాగే చదివించిందట. ఒకడు "ఆశ్చర్యార్థకం!" అని అరిచిన అరుపుకి పక్క క్లాసు మాస్టారు పరిగెత్తుకొచ్చారట. అంతా సద్దుమణిగాక గువ్వ లేచి పేజీ మొత్తం చదివింది. ఎవరూ నవ్వలేదు. కామా దగ్గర తను ఆగితే పిల్లలందరూ ఊపిరి బిగబట్టి ఎదురుచూశారండీ అంది టీచర్.

మా నాన్న ఉంటే బాగుండేదండీ అన్నాను. గట్టిగానే అన్నట్టున్నాను. కౌంటర్ దగ్గర ఫ్రేములు చూసుకుంటున్నావిడ నాకు మంచినీళ్లు తెచ్చిచ్చింది.

సెప్టెంబర్ 27

టర్మ్ అయింది. గువ్వ పాత సెక్షన్‌లోనే ఉంది.

అక్టోబర్ 18, శుక్రవారం

అసెంబ్లీలో మైకులో వార్తలు చదివింది. తల్లిదండ్రుల్ని లోపలికి రానివ్వరు. రోడ్డవతల టీ బండి పక్కన నిలబడి విన్నాను. స్పీకర్ కాస్త బొంగురుగా ఉన్నా ప్రతి మాటా తెలిసింది. టీ ఆయన గ్లాసులు కడగడం ఆపి, ఎవరి పిల్లోగానీ భలే చదువుతోందే అన్నాడు. మా అమ్మాయండీ అన్నాను. బస్టాపులో ఉన్నవాళ్లు కూడా తిరిగి చూశారు. తల దించుకోలేదు.

నవంబర్ 9

భోజనాల దగ్గర నేనేదో చెప్పబోతే, ఒక్క నిమిషం ఆగమ్మా, నేను చెప్పేది ఇంకా అవలేదు అంది గువ్వ.

ఆగాను. తను ముగించేసరికి ఎంగిలి చెయ్యి ఎండిపోయింది.