అరగంట మగ్గాలు ఆపన్నా

తిరుపతి

అన్నకు నమస్కారాలు.

నేను ఇక్కడ కులాసాగా ఉన్నాను. నీ మోకాలి నొప్పి ఎట్లుందో రాయి. పోయిన వానల్లో డెంగీ వచ్చి లేచినాక వదినకు నీరసం తగ్గిందా? ఫోన్లో మన మరమగ్గాల మోతకు నీకు సగం వినపడదు, నాకేమో మాట్లాడటం రాదు. అందుకే రాస్తున్నాను.

ఎండ మన నగరి ఎండే. మెస్సులో పప్పు నీళ్లగా ఉంటుంది, వదిన ఇచ్చిన ఊరగాయతో నెట్టుకొస్తున్నాను. మోత లేక మొదట్లో నిద్ర పట్టేది కాదు. ఇప్పుడు పడుతోంది, దిగులు పడొద్దు.

"దోమలకు పాట పాడే ఉద్యోగమా అబ్బా? వచ్చేయ్, ఒక మగ్గం ఖాళీగా ఉండాది" అన్నావు. పాట నిజమే. ఆడదోమ రెక్కల రొద మగదోమకు పిలుపు. ఈకల్లాంటి మీసాలతో అది వింటుంది. ఆ రొదను స్పీకరులో వినిపించి, వచ్చిన మగవాటిని జిగురు అట్టకు అంటించే పెట్టె చేస్తున్నాం. మగది కుట్టదు. కానీ మగతోడు దొరకని ఆడదాని గుడ్లు పిల్లలు కావు.

మొదట్లో ఒక్కటీ రాలేదు. వినపడలేదేమోనని రోజూ సౌండు పెంచుతూ పోయినాను. మా ల్యాబు మేడం చూసి నవ్వింది.

"ఇదేమన్నా మీ మగ్గాల షెడ్డా అప్పా? అంత గట్టిగా అరిస్తే యా మగాడొస్తాడు?"

పుట్టినప్పటి నుంచి అరిచి మాట్లాడుకున్నవాళ్లం, సన్నగా పిలవాలని నాకు తోచలేదు. నా చెవికి అందీ అందనంతగా తగ్గించినాక, మేము దోమలను పెంచే వలగూడులోని మగవన్నీ స్పీకరు చుట్టూ ముసిరినాయి.

గూడులో వస్తే చాలదన్నా, మన షెడ్డులో రావాలి. వదినను కుట్టినవి నూలు నానబెట్టే తొట్లలో పుట్టినవే. ఆ నీళ్లు ఇప్పుడే పారబోయించు. అప్పటికే ఎగురుతున్న పెద్ద దోమలు ఎట్లాగూ మిగిలి ఉంటాయి. ఆదివారం పెట్టె తెస్తాను, మేడం సరేనంది. ఇవి పొద్దు వాలక ముందే జతకడతాయి. ఆ వేళకు ఒక్క అరగంట మగ్గాలన్నీ ఆపు. కరెంటు ఉండగా మగ్గం ఆపడం మనింట్లో లేదని తెలుసు. నాయన పోయిన రోజే ఆపినాము. అయినా అడుగుతున్నాను.

ఆ రోజు ఒక్కటీ రాకపోతే మళ్లీ వస్తాను, మళ్లీ ఆపమంటాను. మగ్గం మీదికి మాత్రం తిరిగి రాను. కోపగించుకోకుండా దీవించు.

పెద్దమ్మకు నా దండాలు చెప్పు. పిల్లలను అడిగినానని చెప్పు. మగ్గాలు ఆగినాక వదినను కూడా వచ్చి కూర్చోమను. తనను పడగొట్టినదాని గొంతు ఎంత సన్నదో ఆమె వినాలి.

నీ తమ్ముడు,
మునిరత్నం