దూడ పేరు

సైదాబాద్,
9 ఫిబ్రవరి 2025

డానియేలన్నకు,

చెల్లె రాజమణి నమస్తే పెట్టి రాస్తున్నది. నేను, వీణ బాగనే ఉన్నం. వదినె మోకాళ్ల నొప్పులు తగ్గినయా? మొన్న పాలు పట్టుకొస్తే మీ ఇంటికి తాళం ఉండె.

నీ కొత్త నవల వీణ పత్తర్‌గట్టి కాడ కొనుక్కొచ్చి ఒక్క దినంల చదివింది. పేర్లు మార్చినా అది మా ఆయన కథే. తన బాపును చంపినోళ్లకు అంకుల్ తగిన శిక్ష ఏసిండని ఏడ్సింది. తర్వాత నేను చదివిన. పాల కొట్టం జాగ కోసం అన్నదమ్ములిద్దరు పాలాయనను పొడుస్తరు. ఆఖరుకు చేసిన పాపం ఆళ్లను నిద్రపోనియ్యదు. పాలు చూస్తేనే చేతులు వణుకుతయి. ఆళ్లంతట ఆళ్లే ఠాణాకు పోయి ఒప్పుకుంటరు. మస్తు రాసినవన్నా!

కానీ నాకు ఒళ్లు మండింది. ఆయనను పొడిచిన మహేందర్, పింటూ యాడ వణుకుతున్నరే? బెయిల్ మీదొచ్చి మా గల్లీలనే హారన్ కొట్టుకుంట తిరుగుతున్నరు. మొన్న పింటూ నన్ను ఆపి, పెద్ద బర్రె ఎన్ని లీటర్లు ఇస్తున్నదని నవ్వుకుంట అడిగిండు. సిగ్గు లేదు, ఫికర్ లేదు.

కండ్లార చూసినోళ్లు ఒక్కరు లేరని వకీల్ సాబ్ చేతులెత్తేసిండు. వచ్చే సోమవారం ఆఖరి వాయిదా. ఆళ్లు బయటపడితే నేను, నా బిడ్డ ఈ గల్లీల బతకలేం.

ఆయన పోయిన దినం నువ్వు సికింద్రాబాద్ చర్చిల ఉన్ననన్నవ్. శవం మీద పడి నాకన్న ఎక్కువ ఏడ్సినవ్. రెండేండ్ల సంది వీణను పరీక్షలకు నీ బండి మీదనే దించుతున్నవ్. తోడబుట్టినోనివే అనుకున్న.

ఉంట మరి. వదినెను అడిగిన్నని చెప్పు.

నీ చెల్లె,
రాజమణి

మరిచిన మాట: నీ నవలల పాలాయన పానం పోయే ముందు, ముత్యాన్ని తల్లి కాడికి ఇడువుమంటడు. మా దూడ ఆయన పోయిన దినం పొద్దుగాలనే పుట్టింది. జున్ను పంచేదాంక దూడ పేరు మేము గడప దాటనియ్యం, దిష్టి తగులుతదని. ముత్యమని ఆయన నాకొక్కదానికే చెప్పిండు. మూడో దినం దూడ గూడ సచ్చిపాయె. ఆ పేరు వీణకు గూడ తెల్వది. ఆయన శవం దొరికినప్పుడు దూడ తల్లి కాడనే ఉండె, దాని పలుపు ఎవరు విప్పిన్రో ఇన్నొద్దులు నాకు సమజ్ కాలే. నువ్వు ఆడనే ఉన్నవన్నా. భయపడ్డనని నాతోని చెప్పినా సముదాయించుకుందును. కథల శిక్ష ఏసి చేతులు దులుపుకుంటివి. పుస్తకం మీద నీ దస్కత్ తీసుకుంటనని వీణ సంచిల పెట్టుకున్నది. సోమవారం కోర్టు కాడికి రా, చూసింది చెప్పి దస్కత్ పెట్టు. రాకుంటే ఆ పుస్తకమే వకీల్ సాబ్ చేతుల పెడత.