నీ కొలతకు చేసిన బూటు

రూతమ్మా,

నీ కాలికి కొలత తీసుకుని వెళ్లారే, ఆ ఇనపకడ్డీల బూటు నిన్న వచ్చింది. నువ్వు జ్వరంతో పోయి రెండేళ్లయింది.

ఆసుపత్రి ముందు పందిరి వేసి, అవిటిపిల్లలకు సర్కారు సాయం పంచుతున్నారని కబురొచ్చింది. నువ్వు ఇక లేవని చెప్పి వద్దామని నీ చెల్లెలు మార్తను వెంటబెట్టుకుని చిల్లకూరులో బస్సెక్కాను.

"పిల్ల పోయినాదని ఇప్పుడా చెప్పేది? ఆఫీసరుగారు వచ్చేసినారు. ఈ చిన్నదాన్ని కూర్చోబెట్టమ్మా," అన్నాడు గుమాస్తా.

"దీని కాళ్లు బాగుండాయి గదయ్యా!"

"బాగుంటే ఏం? కాసేపు కుంటమను."

బూటు మార్తకు అచ్చంగా సరిపోయింది. వాళ్లు తెచ్చేలోగా నీ చెల్లెలు నీ కొలతకు ఎదిగింది. ఆఫీసరు దాని నెత్తిన చెయ్యి పెట్టి నవ్వాడు. ఫొటో తీశారు. అందరూ చప్పట్లు కొట్టారు, నేను కూడా కొట్టాను. ఆయన కారు కదలగానే గుమాస్తా బూటు విప్పించుకున్నాడు.

"కాళ్లు బాగుండే పిల్లకి ఇదెందుకమ్మా?" అన్నాడు.

మార్తకు ఒక బిస్కెట్ల పొట్లం మిగిలింది. ఇంటికి రాగానే, కుంటితే ఇంకోటి ఇస్తారనుకుని వాకిట్లో కుంటడం మొదలుపెట్టింది. నీ వెనకాలే తిరిగిన పిల్ల కదా. చెయ్యి మోకాలి మీద నొక్కిపెట్టి, ఒక పక్కకు ఒరిగి, ఆగి, మళ్లీ అడుగు వేసింది. అచ్చం నువ్వే.

చెంప పగలగొడదామని చెయ్యెత్తాను.

కొట్టలేదు. దడి దాకా ఇంకోసారి నడవమన్నాను.