ఏసీ బాగుచేయడానికి వచ్చిన మనిషి

నాన్నా,

నిన్నటి నుంచి నువ్వు ఫోన్ ఎత్తడం లేదు కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను. నీ రూములో ఉండే రాజేందరన్న ఫోనుకు పంపుతున్నాను, ఆయన చదివి వినిపిస్తాడు.

జర్మనీలో నాకు ఇంట్లో చోటిచ్చి చదివిస్తున్నవాళ్లు అక్టోబరు సెలవులకు నన్ను దోహా తీసుకొచ్చారు. వాళ్లబ్బాయి ఇక్కడ వరల్డ్ కప్ స్టేడియం ఇంజనీరు. నిన్న అతని ఇంట్లో ఏసీ బాగుచేయడానికి నువ్వొచ్చావు. నేను నీళ్లిస్తే తాగి, వెళ్తూ అన్నావు: "మంచిగ సదువుకో బిడ్డా. నేనెవరో వీళ్లకు చెప్పకు."

ఏమన్నాడని నన్ను చదివిస్తున్న పెద్దావిడ అడిగింది. నీళ్లు చల్లగా ఉన్నాయన్నాడని చెప్పాను. ఆ అబద్ధం అంత తేలిగ్గా నా నోట ఎలా వచ్చిందో తెలియదు.

ఈ ఉదయం వాళ్లకు నిజం చెప్పాను. శనివారం మా విమానం. శుక్రవారం నీకు సెలవు కదా, మీ లేబర్ క్యాంపు గేటు దగ్గరికి నేనే వస్తాను. రానిస్తావో లేదో గురువారం సాయంత్రంలోగా రాజేందరన్నతో చెప్పించు.